నచ్చిన చాకు దొరకినచో కోరిక తీరునా?

గత మాసమున నొక పాఠకసోదరి నాకు వ్రాసిన లేఖలో నొక చిక్కుప్రశ్న కలదు. ఆమె భర్తకు చేతిగడియారములనిన మిక్కిలి మక్కువయట. ఇప్పటికి 11 గడియారములు కొనిరట. మనసునకు నచ్చినది యొక్కటి దొరకినచో నిక కొనననుచు, ప్రతి పర్యాయమును మరల నింకొకటి తెచ్చుచుందురట. "నచ్చినది దొరకినంతనే కోరిక నిజముగా నిలుచునా? లేక యది పురుషులు మనకు చెప్పు నొక మిషయా?" యని యామె యడిగినది.

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు నాకొక యర్హత కలదు. మా యింట గడియారములు లేవు గాని, చాకులు కలవు.

మా వారు బడిపంతులు. పెన్సిలును చాకుతో చెక్కినదే మొన గాని, మరలో ద్రిప్పినది మొన కాదని వారి మతము. పూర్వము వారి జేబున నొక చాకుండెడిది. అది మామగారిది. గేదెకొమ్ము పిడి, దానిలోనికి మడచుకొను నొక్క యలుగు, తెరచునప్పుడు టక్కుమను చప్పుడు, ఇంతియే దాని యైశ్వర్యము. వేసవిలో మామగారు వీథియరుగుపై గూర్చుండి, ఆ చాకుతో కలెక్టరు మామిడికాయను బద్దలుగా గోసి పిల్లలందరికిని పంచెడివారు. వారు 2013లో గతించినపుడు చాకు మా వారి చేతికి వచ్చెను.

మరుసటి సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన విశాఖపట్టణముపై విరుచుకొని పడినది. ఆ దినమును మరచినవారీ పట్టణమున లేరు. మేమప్పుడొక పెంకుటింటి వాటాలో నుంటిమి. పెంకులు లేచిపోయెను. అలమర నేలబడి, దాని సొరుగులలోని సామగ్రి యంతయు బురదలో గలసిపోయెను. చాకు మరల కనబడలేదు. దీపములు లేక, నీటికిని పాలకును బారులు తీరి నిలుచున్న దినములలో ఒక చాకునకై విచారించు తీరిక యెవరికి గలదు? మా వారును దానిగూర్చి యొక్క మాటయు ననలేదు.

రెండు నెలలు గడచిన పిదప వారొక క్రొత్త చాకు తెచ్చిరి. పెన్సిలు చెక్కుటకు వలయును గదా యని నేనూరకుంటిని. తరువాత నింకొకటి వచ్చెను. రాంపురము చాకొకటి, కొయ్యపిడి గల ఫ్రెంచి చాకొకటి, ఎఱ్ఱని పిడిలో కత్తెరయు సూదియు మొదలగునవి దాచుకొన్న స్విట్జర్లాండు చాకొకటి యిట్లు వరుసగా వచ్చినవి. ఉపాధ్యాయులు గదా! ప్రతి చాకునకు నొక పాఠము చెప్పెడివారు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అను నాతడు 1884లో కర్మశాల పెట్టి, 1891లో తన దేశపు సైనికులకు చాకులు సమకూర్చి, 1897లో అధికారుల చాకును రూపొందించెననియు, ఫ్రాన్సులోని సవాయి ప్రాంతమున జోసెఫ్ ఓపినెల్ 1890లో తన చాకును సిద్ధపరచెననియు నేను వంటయింట గూరలు తరుగుచునే నేర్చుకొంటిని. ప్రతి పాఠమునకు జివర "ఇదియే కడపటిది" అను వాక్యము తప్పక యుండెడిది. ఇట్లు కడపటివి 16 చేరినవి.

రెండేండ్ల క్రిందట దీపావళికి ముందు వారు పాతనగరములో నొక పాతసామానుల యంగడినుండి యొక చాకును చేతిరుమాలులో చుట్టి తెచ్చిరి. గేదెకొమ్ము పిడి, ఒక్క యలుగు. ధర మిక్కిలి స్వల్పము. దానిని తెరచి, మూసి, మరల తెరచి "ఇక చాలును" అనిరి. ఈసారి యా మాటలో నిజము వినబడినది. ఆరు నెలలు మా యింటికి చాకు రాలేదు. నేను లోలోపల దేవునికి దండము పెట్టుకొంటిని.

ఏడవ నెలలో నొకటి వచ్చెను. "నచ్చినది పోయినచో బదులుండవలదా?" యనిరి. తరువాత నింకొకటి. జూన్ మాసమున మూడవది వచ్చునప్పటికి అమ్మాయి బడి రుసుము కట్టవలసిన గడువు ముంచుకొని వచ్చినది. నేను దాచుకొన్న సొమ్ము తీసి కట్టవలసివచ్చెను. ఆ దినమున నాకు గోపమాగలేదు. "ఇరువది చాకులు, ఒక్క జేబు! నచ్చినది దొరకినదంటిరే, మరి యీ మూడెందుకు?" అని గట్టిగానే యడిగితిని.

వారు బదులు చెప్పలేదు. తలయెత్తి అటకవైపు చూచిరి.

సోదరీమణులారా! అటకమీద నావి మూడు రేకుపెట్టెలు కలవు. వానినిండ బొమ్మలే. సంక్రాంతి కొలువునకై కన్యగా నున్నప్పటినుండియు గూర్చినవి. వానిలో నాకు ప్రాణపదమైనవి యేటికొప్పాక లక్కపిడతలు. వరాహనది యొడ్డున నున్న యా గ్రామము పూర్వము మన విశాఖ జిల్లాలోనిదే; 2022నుండి అనకాపల్లి జిల్లాలో జేరినది. అచటి పనివారు అంకుడు కొయ్యను తరిమెనపట్టి, తిరుగుచున్న కొయ్యపై లక్కరంగునద్ది, అద్దమువలె మెఱయజేయుదురు. 2017లో నా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పదేండ్ల ప్రాయమున మా అమ్మమ్మ కొనియిచ్చిన యా పిడతలకంటె నాకు బ్రియమైన బొమ్మ లోకమున లేదు. మరి అవి దొరకిన పిదప నేను కొనుట మానితినా? కొలువున నేటికొక క్రొత్త బొమ్మ యైన నుండవలెనను నాచారము నా యాశకు గొడుగుపట్టినది. ఏటికొకటి యనునది క్రమముగా నేటికి నాలుగైనది. నా చూపు వారి చూపుతోబాటు అటకపై వ్రాలగానే నా కోపము సగమైనది. తక్కిన సగము రుసుమునకై యుంచుకొంటిని.

ఆ రాత్రి నిద్రపట్టక నేనాలోచించితిని. మన పురాణములలో నీ ప్రశ్నకు బదులు లేకపోలేదు. యయాతి మహారాజు తన కుమారుడగు పూరుని యౌవనమును దీసికొని వేయేండ్లు భోగించి, తుదకు కోరిన దనుభవించుటచే కోరిక చల్లారదని తెలిసికొన్నాడు. అయినను యయాతి మాటతోనే ప్రశ్న తీరదు. మన యిండ్లలో తీరిన కోరికలును గలవు. మంచి కత్తిపీట యొకటి దొరకినచో మరియొకదానికై యెవరు తిరుగుదురు? మా అత్తగారి కత్తిపీట నలువదేండ్లుగా నొక్కటియే. కాబట్టి యెట్టి కోరిక తీరును, ఎట్టిది తీరదు అను విచారణ చేయవలయును.

హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమును మీలో బలువురు చూచియుందురు. మూడవ సాలార్‌జంగగు మీర్ యూసఫ్ అలీఖాన్ 1889లో జన్మించి, 1912 మొదలు 1914 వరకు నిజాము ప్రధానమంత్రిగా నుండి, పిదప 1949లో గతించువరకు వస్తుసంచయమే వ్రతముగా బ్రదికిరి. జనులు మొదట జూడగోరు "ముసుగు రెబెకా" యను పాలరాతి ప్రతిమను బెంజోని యను శిల్పి చెక్కెను. దానిని 1876లో రోము నగరమున గొన్నవారు వీరి తాతగారు. అనగా నత్యుత్తమమైన వస్తువు వీరు పుట్టకమునుపే యింటికి వచ్చి కూర్చున్నది. ఉత్తమమైన దొక్కటి కలిగినచో కోరిక నిలుచునట్లైన, మనుమడు మరియొకటి కొనవలసిన పనియే లేదు. ఆయన కూర్చిన వస్తువులకు ఇల్లు చాలక, 1951 డిసెంబరు 16న నెహ్రూగారు తెరచిన మ్యూజియమునకును చాలక, 1968లో క్రొత్త భవనమునకు మార్చవలసివచ్చెను. అందు నూర్జహానుదని చెప్పెడి, రత్నములు పొదిగిన పండ్లు కోయు కత్తి యొకటి కలదు. దానిని జూచి మా వారు కదలలేదు. నేను మాత్రము, ఆ కత్తితో నిప్పుడెవరును పండు కోయరు గదా యనుకొంటిని.

ఈ యాలోచనలు సాగుచుండగానే వర్షకాలము వచ్చినది. భాద్రపదమున నొకనాడు చాకుల సొరుగు దెరచి చూచితిని. మనది సముద్రతీరము. ఉప్పుగాలికి ఇనుమన్న నెంత పగయో ఈ యూరి గృహిణులకు జెప్పనక్కరలేదు. 20 చాకులలో నిత్యము జేబున దిరుగు నొక్కటియు, తుప్పుపట్టని యుక్కుతో జేసిన నాలుగును దక్క, తక్కిన 15ను తుప్పుమచ్చలు పట్టియుండెను. వాడని యుక్కు చెడును, వాడిన యుక్కు మెఱయును. ఇంతకంటె గొప్ప వేదాంతము నాకు తెలియదు.

ఇరువురము కొబ్బరినూనెయు, మెత్తని గుడ్డయు, బూడిదయు ముందిడుకొని కూర్చుంటిమి. మా వారికి మరల పాఠము వచ్చినది. మన నగరపు ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి. అట తయారగు కడ్డీలును తీగచుట్టలును కోణములును ఇండ్లకును వంతెనలకును వెన్నెముక. అయినను ఇల్లు కట్టు కడ్డీకి వలసిన యుక్కు వేరు, చాకువాదరకు వలసిన యుక్కు వేరు. కడ్డీలో బొగ్గుపాలు నూటికి మూడవవంతు మించదు. వంగవలయును గాని విరుగరాదు. చాకులో నది నూటికి అరపాలునుండి ఒకపాలు వఱకును, అంతకు మించియు నుండును. గట్టిపడవలయును, పదును నిలువవలయును. అందు క్రోమియమను లోహము నూటికి పదిపాళ్లకుపైగా కలిపినచో తుప్పు పట్టుట తగ్గును.

మరియు నొక సంగతి. నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రమున పూర్వము మన కమ్మరులు మూసలలో కరగించిన యుక్కునకై పారసీక వర్తకులు వచ్చెడివారట. ఆంగ్లేయులు దానిని ఊట్జు అనిరి. ఆ పేరు మన "ఉక్కు" శబ్దమునుండియే కలిగినదని బలువురు పండితుల యభిప్రాయము. 1795లో పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు లండనులోని రాయల్ సొసైటీ యెదుట ఈ యుక్కుపై వ్యాసము చదివెను. అప్పుడు స్టోడార్టు అను కత్తుల పనివాడు దానితో నొక చిన్న కలపుచాకును జేసి చూచి, మేలైన యుక్కుచాకునకు దీసిపోదని తేల్చెను. తరువాత నతడే మైకేల్ ఫారడేతో గలసి ఆ యుక్కును పరిశోధించెను. హిందూదేశపు ఉక్కుముద్ద సముద్రము దాటి మొదట మారిన రూపములలో నొకటి జేబుచాకే యనగా మా వారి కన్నులు వెలిగినవి.

పాఠము ముగిసిన పిదప వారు పాతనగరపు చాకును చేత బట్టుకొని నెమ్మదిగా నిట్లనిరి. "నాన్నగారి చాకు ఆనాటి గాలివానలో బోయినది. ఇండ్లు కూలినవారి నడుమ చాకు పోయినదని యేడ్చుటకు సిగ్గుపడితిని. నాటినుండి ఏ చాకును జూచినను తెరచి చప్పుడు విందును. ఇది దాదాపు ఆ చప్పుడే. దాదాపు."

నాకప్పుడు గాని తెలియలేదు. నేను లెక్కించినవి చాకులు; వారు వెదకినది మామగారి చేయి. ఆ "దాదాపు" అను మాటలోనే తరువాతి మూడు చాకులు పుట్టినవి. నచ్చినది దొరకుట వేరు, పోయినది దొరకుట వేరు. మొదటిది యంగడిలో దొరకును. రెండవది యే యంగడిలోను దొరకదు. అది దొరకదని నోరువిప్పి యొకరితో జెప్పుకొనువరకు వెదకుట మానదు.

నేను ఆ దినమున వారినేమియు ననలేదు. ఊరగాయకని తెచ్చిన కలెక్టరు కాయ యొకటి మిగిలియుండగా దెచ్చి ముందిడితిని. వారు బద్దలు కోసిరి. అమ్మాయికి దాతగారి యరుగు సంగతి మొదటిసారి చెప్పిరి.

సోదరి యడిగిన ప్రశ్నకు నేనిప్పుడు బదులు చెప్పగలను. కూర్చుకొను కోరికకు నాలుగు వేళ్లుండును.

మొదటిది అవసరము. ఇది నచ్చినది దొరకినంతనే తీరును. మా అత్తగారి కత్తిపీట యిట్టిది.

రెండవది అభిరుచి. ఇది నచ్చినది దొరకుటచే తీరదు, పైగా పదునెక్కును. మంచి దానిని చేతబట్టినవానికి మంచిచెడ్డలు మునుపటికంటె బాగుగా దెలియును. కాని యప్పుడు పదింటిని కోరక, తగిన యొక్కదానిని కోరును. దీనికి హద్దు గావలయును గాని నిషేధము తగదు. ఇంటిలోని మనుష్యునకు నీ పాటి సంతోషము లేకున్న నిల్లు సత్రమగును.

మూడవది పోటీ. నారదుడు తెచ్చిన యొక్క పారిజాతపుష్పము రుక్మిణి కొప్పున జేరగా సత్యభామకు చెట్టే కావలసివచ్చెను. ఆమెకు కావలసినది పూవు కాదు. ఎదుటివారి లెక్కను జూచి కొనువారికి నచ్చినది యెన్నటికిని దొరకదు. ఏలయన వారు తమ మనసు నడిగి కొనుటలేదు. నా బొమ్మలలో సగము పక్కింటి కొలువును జూచి కొన్నవే యని యొప్పుకొనుచున్నాను.

నాలుగవది వెలితి. దీనిని గూర్చి పైన జెప్పితిని. దీనికి మందు వస్తువు కాదు, మాట.

కాబట్టి చెల్లీ! నీ భర్తను "ఎన్ని కొందురు?" అని యడుగుటకు ముందు "మొట్టమొదటి గడియార మెవరిచ్చినది?" అని యడిగి చూడుము. ఆ సమాధానములో వేరు కనబడును. మిషయని ముందే తీర్పుచెప్పకుము.

వేరు తెలిసినను లెక్క లేకుండరాదు. రుసుము కట్టవలసిన సొమ్ము ఎవరి వెలితిని తీర్చుటకును గాదు. మేము చేసికొన్న యేర్పాటు మీకును బనికివచ్చునేమో యని వ్రాయుచున్నాను. ఇంటి ఖర్చులును పిల్లల చదువును పోగా మిగిలినదానిలో ఇద్దరికిని సమానముగా నొక చిన్న మొత్తమును విడదీసితిమి. ఎవరి యభిరుచి వారిది, అడుగువారు లేరు. కాని యది దాటరాదు. క్రొత్తది యొకటి లోనికి వచ్చినచో పాతది యొకటి వెలుపలికి పోవలయును. ఒక సంవత్సరము తాకని వస్తువును దానికై కాచుకొన్నవారికి ఇచ్చివేయవలయును.

ఈ నియమముచొప్పున 20 చాకులలో 3 మాత్రము నిలిచినవి. అయిదింటిని పల్లెలో తోటపని చేయు చుట్టములకు మొక్కల కంటు గట్టుటకై యిచ్చితిమి. ఎనిమిదింటిని చాకులపై మక్కువగల మరియొకరు కొనిరి. కొన్న ధరలో సగమును రాలేదు. నాలుగు తుప్పునకు బలియైనవి. నావి రెండు పెట్టెలు వీథిలోని బాలికల కొలువులకు బోయినవి. లక్కపిడతలున్న పెట్టె మాత్రము మిగిలినది. మొన్నటి సంక్రాంతికి మా కొలువున జేరిన క్రొత్త బొమ్మ యొక్కటే. అమ్మాయి బంకమట్టితో జేసినది. అరుగుపై గూర్చున్న యొక తాత. చేతిలో నేమున్నదో సరిగా దెలియదు గాని చాకని యామె చెప్పుచున్నది.

చాకులు నిలుపుకొన్నవారికి రెండు మాటలు. మామిడి, నిమ్మ మొదలగు పులుపు కోసిన వెంటనే అలుగును గడిగి పొడిగుడ్డతో దుడువవలయును. మడతకీలునందు నూనెచుక్క వేయవలయును. వానకాలమున తోలు తొడుగులో నుంచరాదు; తేమ పట్టును. కొనునపుడు అలుగు తెరచి ప్రక్కలకు గదల్చి చూడుడు, ఊగినచో కొనకుడు.

మరి కోరిక నిలిచినదా యని మీరడుగుదురు. నిన్న సాయంకాలము పాతనగరమునుండి నడచి వచ్చుచుండగా మా వారొక యంగడి ముందు నిలిచిరి. గాజుపెట్టెలో నొక చాకుండెను. అంగడివానినడిగి చేతిలోనికి దీసికొని, తెరచి, చెవియొద్ద బెట్టుకొని వినిరి. నేను మాటాడక నిలుచుంటిని. దానిని మరల మూసి యంగడివాని కిచ్చి, తమ జేబును దడవి చూచుకొని, "పోదమా?" యనిరి.

కోరిక నిలువలేదు సోదరీ! మాతోబాటు ఇంటికి నడచి వచ్చినది. చేతిలో సంచి మాత్రము లేదు.